అరకిలో తక్కువ

ఎర్రలంక అంగన్‌వాడీకి కొత్త కాటా వచ్చిన రోజున సుబ్బులమ్మను దాని దగ్గరికి రానివ్వలేదు. పదిహేడేళ్ళుగా ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనూ తన చేతులతో తూచిన ఆయాను చూసి, "ఏమ్మా, నువ్వు కాస్త దూరంగా ఉండు, ఇది కరెంటుది, ముట్టుకోకు" అంటూ హేమంత్ వేళ్ళు ఆడించాడు. పళ్ళెం మీద వాలిన ఈగను తోలేటప్పుడు ఆడిస్తాం చూడండి, అలాగ.

హేమంత్ ట్రస్టు మనిషి. ఆ ట్రస్టువాళ్ళు పిల్లలకు బలమొచ్చే పొడి ఒకటి తయారుచేశారు. దాని సత్తా ఏమిటో తేల్చుకోవడానికి జూలైలో దివిసీమలో దిగారు. ఎర్రలంకలో అరవైమంది పిల్లల్ని తూచి, ఇంటింటికీ పొడి పొట్లాలిచ్చారు. కాలవ అవతల మూలపాలెంలో మరో అరవైమందిని తూచి, ఊరికే వదిలేశారు. ఇప్పుడు డిసెంబరు వచ్చింది. రెండు ఊళ్ళలోనూ మళ్ళీ తూచి, ఎవరు ఎంత పెరిగారో లెక్కగట్టి, శుక్రవారంనాడు అవనిగడ్డ మీటింగులో చెబుతారట. పొడి నెగ్గిందంటే మండలంలో ఏ అంగన్‌వాడీలోనూ ఇక పొయ్యి వెలగదు. పెసరపప్పు కిచిడీ లేదు, వారానికి రెండు గుడ్లూ లేవు. నెలకోసారి పొట్లం చేతిలో పెట్టి పంపించడమే.

"పిల్లలు ఆ పొడిని కిచిడీతోపాటు తిన్నారు గానీ, కిచిడీ మానేసి తిన్నారా?" అని సుబ్బులమ్మ అక్టోబరులోనే అడిగింది. హేమంత్ నవ్వి, "అవన్నీ డాక్టరుగారు చూసుకుంటారులే" అన్నాడు. డాక్టరుగారంటే గోవర్ధనరావు. డాక్టరే గానీ చెయ్యి పట్టుకుని జ్వరం చూసే డాక్టరు కాదు, పుస్తకాల డాక్టరు. ఆర్నెల్లలో ఎర్రలంక వచ్చింది ఒక్కసారి. వచ్చి, కారు దిగకుండానే అద్దం దించి, "పిల్లలు యాక్టివ్‌గా ఉన్నారే" అని వెళ్ళిపోయాడు. ఆయన చూసి మెచ్చుకున్న పిల్లలు బడి పిల్లలు. అంగన్‌వాడీ పిల్లలు ఆ వేళప్పుడు లోపల నిద్రపోతున్నారు.

కొత్త కాటా అంటే ఒక నల్లటి పలక. పిల్లను దాని మీద నిలబెడితే ఎర్రటి అంకెలు వెలుగుతాయి. వెలిగి ఊరుకుంటే బాగానే ఉండేది. హేమంత్ వాటిని బస్సు కండక్టరు స్టేజీ పేరు అరిచినట్టు అరవడం మొదలుపెట్టాడు.

"సుష్మిత! తొమ్మిది కిలోలు! నెక్స్ట్!"

సుష్మిత తల్లి కరుణమ్మ గభాలున పిల్లను లాక్కుని పైటలో చుట్టేసింది. ఎడం పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మేసింది.

"వీడి నోట్లో మన్నుబడ! వీధి చివరిదాకా వినిపించాలా ఏంటి అత్తా, నా పిల్ల బరువు? ఇంకా నయం, మైకు తేలేదు" అంది సుబ్బులమ్మతో.

"సదువుకున్నాడు గదమ్మా, గొంతు పెద్దది" అంది సుబ్బులమ్మ.

వరసలో నిలబడ్డ తల్లులందరూ కిసుక్కుమన్నారు. హేమంత్‌కు వినపడింది, అర్థం కాలేదు. అర్థం కానిది తన గురించేనేమోనని అనుమానం వచ్చి మొహం గంటు పెట్టుకున్నాడు. అది చూసి వాళ్ళు ఇంకాస్త నవ్వారు.

మధ్యాహ్నానికి అరవైమందీ అయిపోయారు. హేమంత్ బల్లమీద కంప్యూటరు తెరిచి, జూలై కాగితాలు పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె ఎక్కించుకుంటూ పోయాడు. సుబ్బులమ్మ టీ పెట్టి ఇచ్చింది. గ్లాసు అంచు జేబురుమాలుతో తుడుచుకుని తాగాడు. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి, "టీచరుగారూ! కిలో నూరు! సగటున కిలో నూరు గ్రాములు పెరిగారు మీ పిల్లలు! మొన్న తూచిన మూలపాలెంలో ఎంతో తెలుసా? ఆరువందలే!" అని చప్పట్లు కొట్టుకున్నాడు.

టీచరు వెంకటరత్నమ్మ కూడా నవ్వింది. ఆవిడ మంచిది, పాపం. ఎవరు నవ్వినా నవ్వుతుంది.

హేమంత్ ఫోను చేయడానికి బయటికి వెళ్ళాక ఆవిడ వంటగది గుమ్మంలోకి వచ్చి, "సుబ్బులమ్మక్కా, పొడి నెగ్గేసిందే" అంది మెల్లగా.

సుబ్బులమ్మ కిచిడీ డేగిసా అడుగు గీకుతోంది. మాడు గీకడం ఆపలేదు.

"నెగ్గనియ్యండి. ఆ పొడి మొహం చూస్తే నాకు నెగ్గేదాన్లా కనబడలా" అంది.

*

మర్నాడు మంగళవారం. పొద్దున్నే సుబ్బులమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం కడుగుతుంటే కరుణమ్మ పిల్లను దించడానికి వచ్చింది. కోతలు అయిపోయి కుప్పలు నూర్చే రోజులు, కూలికి తొందరపడుతోంది. అయినా ఒక నవ్వు నవ్విపోదామని ఆగింది.

"అత్తా, మా పిల్ల కూడా కిలో నూరు పెరిగిందంట. అంతా పొడి మహిమేనంట! ఆ బాబు మా ఆయనకి చెప్పాడు."

"ఏసుపాదం ఏమన్నాడు?"

"ఏమంటాడు, తలూపాడు. అది పొడి తిన్నదెక్కడత్తా? మొదటి వారమే రెండుసార్లు కక్కేసింది. మిగతా పొట్లాలన్నీ మా గేదె కుడితిలో కలిపా. మరి గేదెను తూయలేదేం? దానికీ ఒక సర్టిఫికెట్టు వచ్చేది."

సుబ్బులమ్మ ఫక్కున నవ్వింది. పొడి సంగతి ఊరందరికీ తెలిసిందే. సగం ఇళ్ళలో గేదెలు తిన్నాయి, కొన్ని ఇళ్ళలో కోళ్ళు తిన్నాయి, అంకమ్మరావు ఇంట్లో ముసలాయన పాలల్లో కలుపుకుని తాగాడు. ఖాళీ పొట్లాలు మాత్రం అందరూ జాగ్రత్తగా దాచి హేమంత్‌కు అప్పజెప్పారు. అతను వాటిని లెక్కపెట్టుకుని 'నూటికి తొంభైఆరు వంతులు తిన్నారు' అని రాసుకున్నాడు. పొట్లం ఖాళీ అయితే పొట్టలోకే పోయిందనుకునేవాడిని ఏమనాలి?

కరుణమ్మ వెళ్ళిపోయింది. సుబ్బులమ్మ నవ్వుతూనే రెండో నీళ్ళు వంచబోయింది. ఆ వంచే చెయ్యి అలాగే ఆగిపోయింది.

తినని పిల్ల కూడా కిలో నూరు ఎలా పెరిగింది?

కోతల కాలం. ఇంట్లో గింజ ఉంది, కాలవలో చేప ఉంది, జూలైలో పట్టిన విరేచనాలు తగ్గాయి. ఆరువందలు పెరిగిందంటే సబబే. మూలపాలెం పిల్లలూ అంతేగా పెరిగారు. మరి ఈ పై అయిదువందలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?

ఆవిడకు అక్షరాలు అంతంతమాత్రం గానీ అంకెలు కంటికి అంటుకుపోతాయి. ఎప్పుడు ఎవరిని తూచినా ముల్లు ఎక్కడ నిలబడిందో మళ్ళీ అడిగితే చెప్పగలదు. కళ్ళు మూసుకుంది. జూలై. చూరుకు తాడు కట్టి గుండ్రటి ముల్లుకాటా వేలాడదీసింది. దానికి గుడ్డ ఉయ్యాల. సుష్మిత అందులో కాళ్ళు తన్నుకుంటోంది. ముల్లు ఎనిమిది దాటి నాలుగో గీత మీద వణికి నిలబడింది. ఎనిమిది నాలుగు వందలు.

అప్పుడు తను పైకి ఏమంది?

"ఏడూ తొమ్మిదొందలు" అంది.

బియ్యం నీళ్ళు చీర మీద ఒలికాయి. ఆవిడ చూసుకోలేదు.

ఎర్రలంకలో బిడ్డ బరువు ఉన్నదున్నట్టు పైకి చెప్పరు. చెబితే దిష్టి. తల్లి ఎదుట, నలుగురి ఎదుట, ముల్లు ఎక్కడున్నా సరే అరకిలో తగ్గించి చెప్పాలి. సుబ్బులమ్మకు ముందున్న ఆయా అలాగే చెప్పింది, ఆమెకు ముందు మంత్రసాని అలాగే చెప్పింది. తల్లులకూ తెలుసు. టీచరుకూ తెలుసు. సుబ్బులమ్మ తగ్గించి చెప్పడం, వెంకటరత్నమ్మ మారు మాట్లాడకుండా అర కలుపుకుని పుస్తకంలో రాయడం. పదిహేడేళ్ళుగా ఇద్దరి మధ్యా ఒక్కసారి పొరపాటు జరగలేదు. బిడ్డకు దిష్టి తగలకూడదు, పుస్తకానికి అబద్ధం తగలకూడదు. అంతే.

కానీ ఆ రోజు పుస్తకం పట్టుకున్నది టీచరు కాదు. ఆవిడ కూతురి కాలేజీ సీటు కోసం గుడివాడ వెళ్ళింది. రాసింది హేమంత్. కాటా దగ్గరికి వచ్చి ముల్లు చూడాల్సినవాడే. మొదట్లో వచ్చాడు కూడా. రెండో పిల్లాడు అతని ప్యాంటు మీద ఒంటికి పోశాడు. దాంతో కుర్చీ తీసుకుని పంకా కిందికి పోయి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "నువ్వు చూసి చెబుతుండమ్మా, నేను రాసుకుంటా" అన్నాడు.

తను చూసింది. తను చెప్పింది. అరవైమందికీ.

సుబ్బులమ్మ ఒక్కొక్కరినీ తలచుకుంది. బాలస్వామి మనవడు, ముల్లు పది మీద, నోట తొమ్మిదిన్నర. యలమంద చిన్నది, ముల్లు తొమ్మిదీ రెండు, నోట ఎనిమిదీ ఏడు. అలా వెళ్ళి వెళ్ళి అరవయ్యో పిల్ల దగ్గర ఆగింది. ఒక్కరి దగ్గర కూడా తప్పలేదు.

రెండు రోజులుగా ఆ హేమంత్‌ను, ఆ కారు డాక్టరును, ఆ పొడిని తిట్టని తిట్టు లేదు. తీరా చూస్తే పొడిని నెగ్గించిన అరకిలో తన నోట్లోంచి వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంలో కూడా, ముక్కుకు రుమాలు పెట్టుకుని కూర్చున్నవాడు గుర్తొచ్చి, సగం వాడి వాటాకు తోసేసింది.

*

వెంకటరత్నమ్మ విన్నది, విని గది తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"ఇక ఎవరికీ చెప్పకు."

"అదేంటి టీచరుగారూ! మన పుస్తకంలో ఉన్నాయిగా అసలు బరువులు. వాళ్ళు రావడానికి వారం ముందేగా మనం తూచింది. తీసి చూడండి."

"చూడను" అంది వెంకటరత్నమ్మ. అని, బీరువా వైపు చూసింది. "అక్కా, తప్పుడు బరువులు చెప్పావని తెలిస్తే నీ ఉద్యోగం పోతుంది. ఆ రోజు నేను సెలవు చీటీ పెట్టకుండా గుడివాడ వెళ్ళాను. నాదీ పోతుంది. అదీగాక..." ఆవిడ గొంతు తగ్గించింది. "పొట్లాలు పంచే పని నీకే ఇప్పిస్తానన్నాడు హేమంత్. కట్టెలు లేవు, పొగ లేదు, డేగిసా ఎత్తక్కర్లేదు. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలీదా? హాయిగా కుర్చీలో కూర్చుని పంచుకోవచ్చు."

సుబ్బులమ్మ మోకాళ్ళ మాట నిజం. పొద్దున పొయ్యి దగ్గర కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. పొగకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. కుర్చీ అనగానే ప్రాణం లాగింది. అబద్ధం ఎందుకు, బుధవారమంతా ఆ కుర్చీ గురించే ఆలోచించింది. కుర్చీకి చేతులుంటాయా, ఉండవా అని కూడా ఆలోచించింది.

గురువారం గుడ్డు రోజు. పిల్లలు కాళ్ళు బారజాపి వరసగా కూర్చున్నారు. సుష్మిత ముందు తెల్లసొన తింది. పచ్చసొన గుప్పిట్లో పెట్టుకుని, కొంచెం కొంచెం గిల్లి కిచిడీలో కలుపుకుని, ఆఖరి మెతుకు దాకా అది అయిపోకుండా చూసుకుంది. పళ్ళెం నాకి, "ఆయా, ఇంకొంచెం" అంది. పొద్దున్నే గంజి తాగి వచ్చిన పిల్ల. సాయంత్రం తల్లి కూలి నుంచి వచ్చి వండేదాకా ఇదే తిండి. పొడిని వాసన చూస్తేనే వాంతి చేసుకునే పిల్ల.

సుబ్బులమ్మ ఇంకో గరిటె వేసింది. వేసి, చెయ్యి కడుక్కుని, టీచరు దగ్గరికి వెళ్ళి, "రేపు మీటింగుకి నేనూ వస్తున్నానండీ" అంది.

వెంకటరత్నమ్మ ఆ రోజు మాత్రం నవ్వలేదు.

*

అవనిగడ్డలో మీటింగు హాలు నిండా టీచర్లు. ముందు వరసలో మండలం మొత్తం అంగన్‌వాడీలను చూసే ఆఫీసరు మేడమ్. గోవర్ధనరావు తెర మీద రంగుల స్తంభాలు వేశాడు. ఎర్రలంకది ఆకుపచ్చ స్తంభం, పొడుగ్గా ఉంది. మూలపాలెంది బూడిదరంగు, దాని నడుము దాకా వచ్చి ఆగింది.

"ఇది అదృష్టం కొద్దీ వచ్చిన తేడా కాదు" అన్నాడు ఆయన, వేలు పైకెత్తి. "ఉత్తపుణ్యానికి ఇంత తేడా రావాలంటే వెయ్యిసార్లు చేసినా ఒక్కసారి కూడా రాదని కంప్యూటరు తేల్చింది. అంటే ఏమిటి? ఇది మన పొడి ఘనతే!"

చప్పట్లు మోగాయి. కంప్యూటరుకు అరకిలో సంగతి ఎవరు చెప్పారు గనక, అది మాత్రం ఏం చేస్తుంది?

మేడమ్ కాగితాలు సర్దుకుంటూ, అడగాలి గనక అడిగినట్టు, "ఎవరైనా మాట్లాడతారా?" అంది.

సుబ్బులమ్మ ముందున్న కుర్చీ పట్టుకుని లేచింది.

"నేనండీ. ఎర్రలంక ఆయాని. జూలైలో పిల్లల బరువులు పలికింది నేనండీ. అందరికీ అరకిలో తగ్గించి పలికానండీ."

హాల్లో ఎవరో నవ్వారు. గోవర్ధనరావు కూడా నవ్వాడు, పిల్లల ముద్దుమాట విన్నట్టు.

"ఎందుకమ్మా?"

"దిష్టి తగలకుండానండీ."

"చూశారా మేడమ్, మన పల్లెలు!" అని ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "ఏం పర్వాలేదమ్మా. అందరికీ ఒకేలా తగ్గించావు కదా, లెక్కలో కొట్టుకుపోతుంది. కూర్చో."

"రెండుసార్లూ నేనే పలికితే కొట్టుకుపోయేదండీ" అంది సుబ్బులమ్మ, కూర్చోకుండా. "మొదటిసారి పలికింది నా నోరు. రెండోసారి పలికింది మీ కరెంటు పలక. దానికి దిష్టి సంగతి తెలీదు గదండీ."

మేడమ్ చేతిలో కాగితాలు ఆగాయి. హాల్లో నవ్వు కూడా ఆగింది.

"మరి మూలపాలెంలో?" అంది మేడమ్.

"అక్కడ ఆయా పోస్టు ఖాళీ అండీ. అక్కడ ముల్లు చూసింది ఈ బాబే."

అందరూ హేమంత్ వైపు తిరిగారు. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆర్నెల్ల కిందటి మాట" అన్నాడు గోవర్ధనరావు, ఈసారి నవ్వకుండా. "ఆధారం ఏమిటి? నోటి మాటలతో సైన్సు నడవదు."

"జూలైలో నడిచిందిగా!" అని వెనక వరసలోంచి ఎవరో టీచరు అనేసి, తల దించేసుకుంది.

సుబ్బులమ్మ మొదలుపెట్టింది. సుష్మిత, ముల్లు ఎనిమిదీ నాలుగు. బాలస్వామి మనవడు, పది. యలమంద చిన్నది, తొమ్మిదీ రెండు. పేరు, ముల్లు, పేరు, ముల్లు. పది మంది అయ్యేసరికి మేడమ్ చెయ్యెత్తి, "ఎర్రలంక బరువుల పుస్తకం ఎక్కడుంది?" అంది.

వెంకటరత్నమ్మ లేచింది. పుస్తకం సంచిలోనే ఉంది. పొద్దున బస్సెక్కే ముందు ఎందుకు పెట్టుకుందో ఆవిడకే తెలియదు. తీసుకెళ్ళి మేడమ్ ముందు పెట్టి, "ఆ రోజు నేను సెంటర్లో లేనండీ. ఉంటే ఇలా జరిగేది కాదు" అంది. అని, ఏడ్చేసింది.

మేడమ్ జూలై పేజీ తీసింది. ఒక వేలు పుస్తకం మీద, ఒక వేలు హేమంత్ కాగితం మీద పెట్టి కిందికి దిగింది. ప్రతి గడిలోనూ తేడా అరకిలో, లేదంటే వారం రోజుల ఎదుగుదలకు తగ్గట్టు పిసరంత అటూఇటూ. పేజీ చివరికి వచ్చి, "డాక్టరుగారూ, ఈ అరకిలో తీసేస్తే ఎర్రలంక కూడా ఆరువందలే" అంది.

గోవర్ధనరావు మెల్లగా బల్ల చుట్టూ తిరిగి సుబ్బులమ్మ దగ్గరికి వచ్చాడు. ఎర్రలంకలో కారు దిగనివాడు అవనిగడ్డలో నడిచి వచ్చాడు.

"సుబ్బులమ్మగారూ" అన్నాడు, ఆవిడకొక్కతెకే వినపడేలా. "బాగా గుర్తు తెచ్చుకోండి. అందరికీ తగ్గించారా, కొందరికేనా? ఓ పదిహేను ఇరవై మందికే అయితే ఇబ్బంది లేదు. వాళ్ళను తీసేసి, మిగిలినవాళ్ళతో లెక్క చేసుకుంటాం. ఆర్నెల్ల కష్టమండీ. మీరు 'కొందరికే' అంటే చాలు."

సుబ్బులమ్మ ఆయన మొహం చూసింది. నుదుటి మీద చెమట. ఆర్నెల్లలో ఈ పెద్దమనిషి దగ్గరికొచ్చి తనను అడిగిన మొదటి ప్రశ్న ఇది. దీనికి జవాబు కూడా ఆయనే చెప్పేస్తున్నాడు.

"అరవైమందికీ తగ్గించానండీ" అంది, హాలంతా వినపడేలా. "ఒక తల్లి బిడ్డకు దిష్టి తగలొచ్చు, ఇంకో తల్లి బిడ్డకు తగలకూడదు అనుకుంటానా?"

పొడి సంగతి మళ్ళీ ఎప్పుడైనా చూద్దామని, అప్పటిదాకా ఏ సెంటర్లోనూ పొయ్యి ఆపవద్దని మేడమ్ చెప్పింది. సుబ్బులమ్మ తగ్గించి చెప్పడం మాత్రం తప్పేనంది. సంజాయిషీ కాగితం ఒకటి అక్కడికక్కడే రాయించింది. మళ్ళీ మొదటినుంచి తూచాల్సి వస్తుంది గనక, గోవర్ధనరావు పట్టుబట్టి అందులో ఒక వాక్యం చేర్పించాడు. వెంకటరత్నమ్మ కళ్ళు తుడుచుకుని చదివి వినిపించింది: ఇకమీదట పిల్లల బరువును కాటాలో ఉన్నది ఉన్నట్టు పైకి చెబుతానని హామీ ఇస్తున్నాను.

సుబ్బులమ్మ కలం పట్టుకుంది. ఆఖరి వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది కొట్టెయ్యండి. మిగతాదానికి సంతకం పెడతా."

"అదే ముఖ్యమైంది కదమ్మా!" అన్నాడు గోవర్ధనరావు. "మీరు పైకి చెప్పకపోతే అంకె మాకెలా తెలుస్తుంది?"

"నా నోటితో ఎందుకు బాబూ? మా పాత కాటా నడుమెత్తున కడతా. ముల్లు దాచిపెట్టను. తమరే దగ్గరికొచ్చి చూసుకోండి" అంది సుబ్బులమ్మ. "కాకపోతే కాస్త వంగాలి."